డాలస్ శివార్లలో సొంత ఇల్లు: పచ్చిక, నీటి పొదుపు తోట, కృత్రిమ గడ్డి, కూరగాయల పెరడు – ఏది ఎక్కడ కుదురుతుంది?

టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ వంటి డాలస్ పరిసర నగరాలలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు మొదటి వేసవిలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇంటి చుట్టూ ఉన్న నేలను ఏం చేయాలి? బిల్డర్ పరచి ఇచ్చిన పచ్చికనే పోషించుకుంటూ పోవాలా, దానిని తగ్గించి నీరు తక్కువ తాగే మొక్కలు వేయాలా, కృత్రిమ గడ్డి పరిపించి చేతులు దులుపుకోవాలా, లేక పందిరి వేసి బీర, సొర పాకించాలా? ఈ నాలుగింటినీ సాధారణంగా ఖర్చును బట్టి, అందాన్ని బట్టి పోలుస్తారు. నా ఉద్దేశంలో అది రెండో మెట్టు. స్థలంలోని ఏ భాగంపై ఎవరి అజమాయిషీ ఎంత ఉన్నదన్నది ముందు చూడాలి. వీధిలో నుంచి కనిపించే ముంగిలికి ఒక లెక్క, కంచె వెనుక పెరటికి మరొక లెక్క. ఈ తేడా స్పష్టమైతే ఎంపికలో సగం పని పూర్తయినట్లే.

నగరం, నీటి సరఫరా, ఇళ్ల యజమానుల సంఘం

డాలస్ నగరంలో గడ్డి గాని కలుపు గాని 12 అంగుళాలు మించి పెరగకూడదు. పొరుగు నగరాలలోనూ ఇంచుమించు ఇలాంటి పరిమితే ఉంటుంది కనుక మీ నగర స్మృతిలోని అంకె ఒకసారి చూసుకోవడం మంచిది. ఈ అధికారం నగరాలకు టెక్సస్ ఆరోగ్య, భద్రతా స్మృతిలోని 342వ అధ్యాయం నుంచి వచ్చింది. దాని ప్రకారం నగరం నోటీసు ఇచ్చిన ఏడు రోజులలోగా యజమాని గడ్డి కోయించకపోతే నగరమే మనుషులను పంపి కోయించి, ఆ ఖర్చును యజమానిపై వేసి, చెల్లించకపోతే ఆ బాకీకి ఇంటినే హామీగా పట్టుకునే హక్కును (లీన్) నమోదు చేయించవచ్చు. అదే తప్పు ఏడాదిలోగా మళ్లీ జరిగితే నోటీసు లేకుండానే పని చేయిస్తామని మొదటి నోటీసులోనే చెప్పి ఉంచే వీలు కూడా ఉన్నది. 48 అంగుళాలు దాటి పెరిగి తక్షణ ప్రమాదం కలిగించే కలుపునైతే ముందస్తు నోటీసు లేకుండానే తొలగించవచ్చు. వేసవి సెలవులకు ఆరు వారాలు హైదరాబాదుకో విజయవాడకో వెళ్లే కుటుంబాలు ఈ ఏడు రోజుల సంగతి ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. జూన్‌లో నాలుగు వానలు పడితే కలుపు పెరగడానికి అంత సమయం అక్కరలేదు, వచ్చిన నోటీసును చదివేవారు ఇంట్లో ఉండరు. బయలుదేరే ముందే గడ్డి కోసేవారితో మాట్లాడుకుని వెళ్లాలి.

కాలిబాటకు, రోడ్డు అంచుకు మధ్య ఉండే సన్నని పట్టీ చాలామంది అనుకున్నట్లు నగరం చూసుకునేది కాదు, దాని పోషణ కూడా ఆ ఇంటివారిదే. మూల స్థలం వారికి మరొక నియమం ఉన్నది. డాలస్‌లో రెండు వీధులు కలిసే చోట ఒక్కో వైపు 45 అడుగుల మేర ఏర్పడే త్రిభుజంలో రెండున్నర అడుగుల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు మధ్య చూపుకు అడ్డుపడేదేదీ ఉండరాదు. గుబురుగా పెరిగే మందార కంచె అక్కడ పనికిరాదన్నమాట.

నీటి విషయంలో డాలస్ నగరం వారానికి రెండు రోజుల పరిమితిని కరువు ఉన్నా లేకపోయినా శాశ్వతంగా అమలు చేస్తున్నది. ఇంటి నంబరు సరిసంఖ్య అయితే ఆది, గురువారాలు, బేసిసంఖ్య అయితే శని, బుధవారాలు స్ప్రింక్లర్ తిప్పుకోవాలి. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 వరకు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 గంటల మధ్య స్ప్రింక్లర్ వాడకూడదు. చేత్తో పట్టుకునే గొట్టానికి, బిందు సేద్యానికి, నేలపై పరచే చెమ్మ గొట్టానికి (సోకర్ హోస్) ఈ రోజుల పరిమితి లేదు, ఎంపికలో ఈ మినహాయింపు పెద్ద పాత్ర వహిస్తుంది. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీలకు నీరు అమ్మేది నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. ఆ సంస్థ కరువు దశను పెంచితే ఈ నగరాలన్నీ ఆంక్షలు బిగిస్తాయి. 2011లో మొదలైన కరువు ముదిరి 2013, 2014 ప్రాంతంలో ప్లేనో వంటి చోట్ల రెండు వారాలకు ఒక్కసారి మాత్రమే స్ప్రింక్లర్ తిప్పుకోవలసి వచ్చింది. అటువంటి ఏడాది మళ్లీ రాదనుకుని తోట వేయడం తెలివైన పని కాదు.

ఇక హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం. ఇల్లు కొన్న రోజున సంతకం చేసిన కాగితాల కట్టలో దాని నిబంధనలు కూడా ఉంటాయి. ఏ రకం గడ్డి ఉండాలి, ముందు ఎన్ని చెట్లు ఉండాలి, కంచె మీదుగా ఏమి కనిపించకూడదు అన్నవన్నీ ఆ సంఘం నియమాలే. నగరం కంటే ఎక్కువ ఉత్తరాలు దాని నుంచే వస్తాయి. అయితే సంఘం చెప్పిందే వేదమేమీ కాదు. టెక్సస్ ఆస్తి స్మృతిలోని 202, 209 అధ్యాయాలు దాని చేతులను కొన్నిచోట్ల గట్టిగానే కట్టివేశాయి. ఎక్కడెక్కడ కట్టివేశాయో తెలుసుకోకుండా తోట గురించి నిర్ణయం తీసుకోకూడదు.

అడుగున ఉన్నది నల్లరేగడి

డాలస్, కాలిన్ కౌంటీల నేలలో చాలా భాగం ‘బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ’ అనే నల్ల బంకమట్టి పట్టీలోకి వస్తుంది. మన కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరేగడీ ఇదీ మృత్తికా శాస్త్రం ప్రకారం ఒకే తరగతికి చెందినవి, రెండింటినీ ‘వెర్టిసాల్’ అంటారు. తడిస్తే ఉబ్బి, ఎండితే పిడచకట్టి నెర్రెలు విచ్చే గుణం పత్తి రైతుకు పరిచితమే. కాని ఇక్కడ ఆ నెర్రెల మీద కాంక్రీటు పలక పరచి ఇల్లు కట్టారు. వేసవిలో ఇంటి ఒకవైపు మట్టి ఎండి కుంచించుకుపోయి, మరోవైపు తడిగా ఉండిపోతే పునాది పలక వంగి గోడలకు పగుళ్లు వస్తాయి. అందుకే ఈ ప్రాంతంలో తోట నిర్ణయం పునాది నిర్ణయం కూడా అవుతుంది. గోడకు అడుగున్నర, రెండడుగుల దూరంలో చెమ్మ గొట్టం వేసి మట్టిలో తేమ సమంగా ఉండేలా చూసుకోవడం ఇక్కడి ఇళ్లవారి అలవాటు. నగర నిబంధనలు చాలాచోట్ల ఈ పనికి కరువు రోజులలోనూ కొంత వెసులుబాటు ఇస్తాయి. పెద్దయ్యే చెట్టును గోడ పక్కన నాటకూడదు, పచ్చిక పీకి గోడ చుట్టూ రాళ్లు పోసి నేలను ఎండబెట్టకూడదు.

బంకమట్టి నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. స్ప్రింక్లర్‌ను ఒక్కసారిగా అరగంట తిప్పితే సగం నీరు కాలిబాట మీదుగా రోడ్డు కాలువలోకి పోతుంది, ఆ ప్రవాహమే కొన్ని నగరాలలో జరిమానాకు కారణమవుతుంది. ఏడెనిమిది నిమిషాలు తిప్పి, గంట ఆగి, మళ్లీ తిప్పడం సరైన పద్ధతి.

పచ్చిక

నాలుగింటిలో ఎవరి అభ్యంతరమూ రాని మార్గం ఇది, నీరు ఎక్కువగా తాగేది కూడా ఇదే. వెయ్యి చదరపు అడుగులపై ఒక అంగుళం నీరు పడాలంటే సుమారు 620 గాలన్లు కావాలి. నాలుగు వేల చదరపు అడుగుల పచ్చికకు వారానికి ఒక అంగుళం పెట్టినా దాదాపు రెండున్నర వేల గాలన్లు ఖర్చవుతాయి. వాడకం పెరిగే కొద్దీ గాలను ధర కూడా పెరిగే పద్ధతి ఈ నగరాలలో సాధారణం కాబట్టి జులై, ఆగస్టు బిల్లులు చూసి ఉలిక్కిపడటం కొత్తవారికి మామూలే.

పచ్చికలో రకం ఎంచుకోవడమే అసలు విషయం. ఎండ బాగా తగిలే ముంగిలికి బర్ముడా గడ్డి సరిపోతుంది. నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో నీరు తగ్గినా చావదు, గోధుమ రంగుకు తిరిగి నిద్రపోయి వాన పడగానే లేస్తుంది. దాని లోపం నీడను అసలు తట్టుకోలేకపోవడమే. సెయింట్ ఆగస్టీన్ గడ్డి వెడల్పాటి ఆకుతో చూడముచ్చటగా ఉండి నీడను కొంత ఓర్చుకుంటుంది గాని, నీటి కోతను ఓర్చుకోవడంలో వీటన్నిటిలో వెనకబడినది, తెగుళ్లు, పురుగులు కూడా దానికి ఎక్కువ. జోయిసియా ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది, పరిపించడానికి ఖర్చు ఎక్కువ, పెరుగుదల నెమ్మది. బఫెలో గడ్డి ఈ నేలకు స్థానికమైనది, అతి తక్కువ నీటితో బతుకుతుంది. అయితే అది పలచగా, కాస్త బూడిదరంగు పచ్చతనంతో ఉంటుంది కనుక పక్కింటి చిక్కని బర్ముడా పక్కన చూసి నిరాశపడేవారున్నారు. లైవ్ ఓక్ చెట్టు నీడ పడే చోట ఏ గడ్డీ నిలవదని ఒప్పుకుని, ఆ భాగాన్ని బెరడు ముక్కలు పరచిన పాదుగా మార్చడమే మంచిది. ఏటా అక్కడ కొత్త గడ్డి చుట్టలు కొని పరచి మళ్లీ ఎండబెట్టుకునేవారిని చూస్తే జాలి వేస్తుంది.

పచ్చిక ఎండిపోతే జరిమానా పడుతుందన్న భయానికి ఇప్పుడు ఒక విరుగుడు ఉన్నది. 2025లో టెక్సస్ శాసనసభ ఆమోదించిన హౌస్ బిల్లు 517 ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నీటి ఆంక్షలు అమలులో ఉన్న కాలంలోను, వాటిని ఎత్తివేసిన తరువాత 60 రోజుల వరకు, గడ్డి రంగు మారిందన్న కారణంతో సంఘం జరిమానా వేయకూడదు. మోకాలెత్తు కలుపుకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. రంగు మారడం వేరు, కోయకపోవడం వేరు.

నీటి పొదుపు తోట

ముంగిలిలో పచ్చికను కొంతో గొప్పో తగ్గించి స్థానిక మొక్కల పాదులు వేయడాన్ని నేను ఎక్కువగా సిఫారసు చేస్తాను, ఎందుకంటే చట్టం అండ దీనికే అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది. 2013లో సవరించిన ఆస్తి స్మృతి 202.007 సెక్షన్ ప్రకారం కరువును తట్టుకునే తోటను గాని, నీరు ఆదా చేసే సహజ పచ్చికను గాని సంఘం నిషేధించలేదు. ముందుగా వివరమైన నమూనా సమర్పించమని అడగవచ్చు, చుట్టుపక్కల తోటలతో పొంతన కుదరాలని చూడవచ్చు, అంతేగాని సహేతుకం కాని కారణంతో అనుమతి నిరాకరించకూడదు. అదే సెక్షన్ కంకర, రాళ్లు, బ్రహ్మజెముడు జాతి మొక్కల వాడకాన్ని క్రమబద్ధం చేసే హక్కును మాత్రం సంఘానికే వదిలిపెట్టింది. కనుక ముంగిలినంతా గులకరాళ్లతో నింపి నాలుగు ముళ్ల మొక్కలు పెట్టి, ఇది నీటి పొదుపు తోట, నన్ను ఎవరూ అడగలేరు అంటే చెల్లదు. నిజానికి డాలస్‌లో ఏడాదికి కురిసే వాన హైదరాబాదులో కురిసేదానికంటే కాస్త ఎక్కువే. ఇది ఎడారి కాదు, ఎడారి వేషం ఇక్కడ నప్పదు. రాళ్లు పగలు తాగిన వేడిని రాత్రి గోడలకు వదులుతాయి కూడా.

ఎండ తగిలే చోట టెక్సస్ సేజ్, రెడ్ యక్కా, ఆటమ్ సేజ్, లాంటానా, గల్ఫ్ మ్యూలీ గడ్డి, నీడ ఉన్న చోట మన మందారానికి చుట్టమైన టర్క్స్ క్యాప్, పొట్టి యోపాన్ హాలీ ఈ నల్ల మట్టిలో నిలుస్తాయి. టెక్సస్ సేజ్‌కు మాత్రం నీరు నిలవని మిట్ట కావాలి. గల్ఫ్ మ్యూలీ మూడడుగుల ఎత్తు పెరుగుతుంది కదా, 12 అంగుళాల నియమం దానికి వర్తించదా అన్న సందేహం సహజం. ఆ నియమం ఆలనాపాలనా లేని గడ్డి కోసం, కలుపు కోసం చేసినది. మీ మొక్క పెంచినదిగా కనిపించాలంటే పాదుకు స్పష్టమైన అంచు ఉండాలి, మొక్కల మధ్య ఎడం, అడుగున మల్చ్ (నేలపై పరచే బెరడు ముక్కల పొర) ఉండాలి, సంఘం ఆమోదించిన నమూనా మీ దగ్గర ఉండాలి. సరిహద్దు గీత లేని అడవి తోట ఎంత శాస్త్రీయమైనదైనా ఫిర్యాదును కొని తెచ్చుకుంటుంది.

దీనికున్న ప్రతికూలతలను దాచనక్కరలేదు. మొదటి ఏడాది వేళ్లు దిగే వరకు నీరు బాగానే పెట్టాలి, పైగా చేత్తో కలుపు తీయాలి, పచ్చికకైతే ఆ పని కోత యంత్రమే చేసిపెడుతుంది. రెండో వేసవి నుంచి శ్రమ, ఖర్చు రెండూ తగ్గుతాయి. రెండేళ్లలో ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవారు ఈ శ్రమ పెట్టుకోకపోవడమే మేలు.

కృత్రిమ గడ్డి

దీని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. చట్టం ‘సహజ పచ్చిక’ అన్నది కనుక 202.007 సెక్షన్ దీనికి రక్షణగా నిలవదు, అనుమతి పూర్తిగా మీ సంఘం ఇష్టం, కొన్ని నగరాలు కూడా ముంగిలిలో దీనిపై షరతులు పెడతాయి. పరిపించడానికి చదరపు అడుగుకు పది డాలర్లకు పైగానే అవుతుంది. ఆగస్టు మధ్యాహ్నం దానిపై చెప్పులు లేకుండా పిల్లలు నిలబడలేరు. పెరటిలో నీడ పడే మూలన, ఏ గడ్డీ నిలవని చోట, పిల్లల ఆటకోసం చిన్న ముక్క వేయించుకుంటే అర్థం ఉన్నది, ముంగిలికి వద్దనే నా సలహా. వేయించేవారు అడుగున కంకర పొర సరిగా వేశారో లేదో, నీటి వాలు మారిందేమో చూసుకోవాలి. టెక్సస్ జల స్మృతి 11.086 సెక్షన్ ప్రకారం వాన నీటి సహజ ప్రవాహాన్ని మళ్లించి పక్కవారి ఆస్తికి నష్టం కలిగిస్తే బాధ్యత మీదే. రెండిళ్ల మధ్య బిల్డర్ తవ్వి ఉంచిన పల్లపు కాలువను పూడ్చడం ఈ ప్రాంతంలో ఇరుగుపొరుగు తగాదాలకు ఒక ముఖ్య కారణం.

కూరగాయల పెరడు

తెలుగు ఇళ్లలో చివరికి మనసు మొగ్గేది దీనివైపే. ఇక్కడ మార్చి మధ్య నుంచి నవంబరు మధ్య వరకు మంచు పడని కాలం ఉంటుంది. గోంగూర, తోటకూర, బెండ, బీర, సొర, కాకర, దోస, అలసంద ఈ వేడిని హాయిగా భరిస్తాయి. టమాటా మాత్రం జులై ఎండలో పిందె వేయడం మానేస్తుంది, కాబట్టి దానిని మార్చిలోనే నాటి జూన్ నాటికి కోసుకోవాలి.

కూరగాయలు ముంగిలిలో వేయవచ్చా అంటే, సంఘం ఒప్పుకుంటే తప్ప వద్దు. కరువును తట్టుకునే తోటకు ఉన్న చట్టరక్షణ వంగ మడికి వర్తిస్తుందని వాదించడం కష్టం. కంచె వెనుక అయితే స్వేచ్ఛ ఎక్కువ, అక్కడ చూడవలసినవి మూడు. మొదటిది పందిరి ఎత్తు. కంచె మీదుగా వీధికి కనిపించే కట్టడానికి చాలా సంఘాలు అనుమతి అడుగుతాయి, స్తంభాలు పాతి కట్టే శాశ్వత పందిరికి నగరం పర్మిట్ కూడా కావలసి రావచ్చు. పశువుల కంచెకు వాడే ఇనుప జాలీని విల్లులా వంచి రెండు మడుల మధ్య నిలబెట్టే పద్ధతి చవక, శీతాకాలంలో తీసివేయవచ్చు, అభ్యంతరాలూ తక్కువ. రెండోది కంచె. పక్కింటివారితో ఉమ్మడిగా ఉన్న చెక్క కంచెపై సొర తీగ పాకిస్తే బరువుకు, తడికి పలకలు పాడవుతాయి, దానికి విడిగా ఆధారం ఇవ్వాలి. మూడోది ఈజ్‌మెంట్, అంటే కరెంటు, గ్యాసు, కేబుల్ సంస్థలు తవ్వుకునే హక్కు ఉన్న పట్టీ. సాధారణంగా అది పెరటి చివరనే ఉంటుంది. అక్కడ శాశ్వతంగా ఏదీ కట్టకూడదు, మొక్కలు వేస్తే ఎప్పుడైనా తవ్వుతారని సిద్ధపడి వేయాలి. ఎక్కడ గుంత తవ్వినా 48 గంటల ముందు 811కు ఫోన్ చేస్తే భూగర్భంలోని గొట్టాలను, తీగలను ఉచితంగా గుర్తుపెట్టి వెళతారు.

కరివేపాకు విషయం వేరు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే ఏషియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగుకు కరివేప ఇష్టమైన ఆవాసం. అందువల్ల ఫ్లోరిడా, కాలిఫోర్నియా బంధువులు కారులో తెచ్చి ఇచ్చే మొక్క కూడా వ్యవసాయ శాఖ క్వారంటైన్ ఆంక్షల కిందికి వస్తుంది, ఇండియా నుంచి పెట్టెలో తేవడం సరేసరి. స్థానికంగా లైసెన్సు ఉన్న నర్సరీలో కొని కుండీలోనే పెంచుకోవాలి. నేలలో పాతితే మంచు కాలంలో పోతుంది. 2021 ఫిబ్రవరి తుపానులో డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కంటే దిగువకు పడిపోయినప్పుడు చలికి ఓర్చుకునే మొక్కలే ఎన్నో చచ్చిపోయాయి.

కూరగాయల పెరటికి 202.007 సెక్షన్ నుంచి రెండు మేలైన హక్కులు దక్కుతాయి. ఆకులు, గడ్డి ముక్కలతో ఎరువు కుప్ప వేసుకోవడాన్ని సంఘం నిషేధించలేదు. వాన నీటి పీపాలనూ నిషేధించలేదు, అయితే అవి ఇంటి ముందు భాగానికి, వీధికి మధ్య ఉండరాదని, ఇంటి రంగుకు పొసగాలని షరతు పెట్టవచ్చు. వాన నీటి సేకరణ సామగ్రికి టెక్సస్‌లో అమ్మకపు పన్ను మినహాయింపు కూడా ఉన్నది. బిందు సేద్యానికి కూడా ఈ సెక్షన్ రక్షణ ఉండటమే కాక, నగర నీటి నియమాలలో రోజుల పరిమితి నుంచి మినహాయింపు కూడా దొరుకుతుంది కనుక మడులకు స్ప్రింక్లర్ కంటే అదే తగినది. స్ప్రింక్లర్ వ్యవస్థను మార్చే పని ఇతరులకు ఇస్తే రాష్ట్ర లైసెన్సు ఉన్నవారికే ఇవ్వాలి. యజమాని తాను నివసించే ఇంటికి స్వయంగా చేసుకుంటే లైసెన్సు అక్కరలేదు గాని నగరం పర్మిట్ మాత్రం తీసుకోవాలి.

తులసి కోట ముంగిలిలో పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. 2021లో సవరించిన 202.018 సెక్షన్ ప్రకారం నిజమైన మత విశ్వాసంతో ఇంటి ఆవరణలో ఉంచుకునే ధార్మిక చిహ్నాలను సంఘం నిషేధించకూడదు. అది కట్టడపు హద్దు గీతను, ఈజ్‌మెంట్‌ను, రోడ్డుకు వదిలిన స్థలాన్ని అతిక్రమించకూడదన్నది షరతు. కోటను వాకిలి పక్కన, గోడకు దగ్గరగా పెట్టుకుంటే ఈ షరతుతో పేచీ రాదు.

చెట్లు

ఏ మార్గం ఎంచుకున్నా చెట్ల సంగతి తప్పదు. మీరు నివసించే ఇంటి స్థలంలో పది అంగుళాల కంటే తక్కువ వ్యాసం ఉన్న చెట్టు తీసివేస్తే నగరం పరిహార రుసుము వసూలు చేయకూడదని 2017లో వచ్చిన రాష్ట్ర చట్టం చెబుతున్నది. అంటే రుసుము లేదని మాత్రమే, సంఘం అనుమతి అక్కరలేదని కాదు. ముందు రెండు చెట్లు ఉండి తీరాలన్న నియమం ఉంటే తీసిన చోట మరొకటి నాటవలసిందే. ఓక్ చెట్ల కొమ్మలను ఫిబ్రవరి నుంచి జూన్ వరకు కోయవద్దని, ఓక్ విల్ట్ అనే తెగులు అప్పుడే గాయాల ద్వారా వ్యాపిస్తుందని టెక్సస్ ఏ అండ్ ఎమ్ అటవీ సేవా సంస్థ హెచ్చరిస్తుంది. తలుపు తట్టి వసంతంలో చవకగా కొమ్మలు కోస్తామనేవారిని పంపివేయడమే మంచిది.

ఏ కుటుంబానికి ఏది?

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, వారాంతాలు పిల్లల తరగతులకే సరిపోయే ఇంటికి నేను చెప్పేది ఇది. ముంగిలిలో ఎండ పడే భాగం బర్ముడాగానే ఉంచి, గోడ పక్కన, చెట్ల నీడన, కాలిబాట పట్టీకి ఆనుకున్న మూలల్లో మూడో వంతు మేర స్థానిక మొక్కల పాదులు వేయాలి. తోటపనిలో ఆసక్తి ఉండి, అయిదేళ్లకు పైగా అదే ఇంట్లో ఉండబోయేవారు సగానికి పైగా మార్చినా ఫలితం చూస్తారు. అత్తమామలో తల్లిదండ్రులో వేసవి అంతా వచ్చి ఉండే ఇళ్లలో పెరటిలో రెండు మూడు ఎత్తు మడులు, ఒక జాలీ పందిరి చాలు. మొదటి ఏడాదే పెరడంతా దున్నితే వారు తిరిగి వెళ్లిన సెప్టెంబరులో కోసేవారు ఉండరు, కలుపు మాత్రం ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవారు కుండీలతో సరిపెట్టుకుని, పచ్చిక బాధ్యత ఎవరిదో అద్దె ఒప్పందంలో స్పష్టంగా చూసుకోవాలి.

అనుమతి, నోటీసు

ముంగిలిలో ఏ మార్పు చేసినా పని మొదలుపెట్టక ముందే సంఘం నిర్మాణ సమీక్ష కమిటీకి దరఖాస్తు ఇవ్వాలి. కొలతలతో గీసిన పటం, మొక్కల పేర్లు, పెరిగాక వాటి ఎత్తు, అంచు దేనితో వేస్తారు, మల్చ్ రంగు, ప్రస్తుత స్థితి ఫోటోలు జత చేస్తే తిరస్కరించే అవకాశం బాగా తగ్గుతుంది. దరఖాస్తులో 202.007 సెక్షన్‌ను ఒక వాక్యంలో మర్యాదగా ప్రస్తావించడం చాలు, పేజీల కొద్దీ చట్టం వల్లించనక్కరలేదు. నలభైకి పైగా స్థలాలున్న సంఘాలలో పాలకవర్గ సభ్యులు, వారి జీవిత భాగస్వాములు ఈ కమిటీలో ఉండరాదని, తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా తెలపాలని, దానిపై పాలకవర్గం ఎదుట విచారణ కోరే హక్కు యజమానికి ఉందని ఆస్తి స్మృతికి 2021లో చేసిన సవరణ చెబుతున్నది.

ఉల్లంఘన నోటీసు వస్తే ముందు చూడవలసినది తేదీ. 209.006 సెక్షన్ ప్రకారం జరిమానా వేసే ముందు తప్పేమిటో, సరిదిద్దుకోవడానికి ఎంత గడువు ఉందో తెలిపే నోటీసు ఇవ్వాలి, అది పంపిన నాటి నుంచి 30 రోజులలోగా విచారణ కోరవచ్చు. గత ఆరు నెలలలో ఇలాంటి తప్పుకే నోటీసు వచ్చి ఉంటే సరిదిద్దుకునే గడువు మళ్లీ ఇవ్వనక్కరలేదు, కాబట్టి మొదటి ఉత్తరాన్ని తేలికగా తీసుకోకూడదు. 2024 జనవరి 1 నుంచి జరిమానా వేసే సంఘాలన్నీ ఏ తప్పుకు ఎంత అన్న పట్టికతో విధానాన్ని ప్రకటించి ఉండాలి, దానిని అడిగి చదవండి. కేవలం జరిమానాల బకాయి కోసం సంఘం ఇంటిని వేలం వేయించలేదన్నది కూడా తెలిసి ఉండాలి. ఆ భయంతో నోరు మూసుకోవలసిన పని లేదు, అలాగని ఉత్తరాలను చెత్తబుట్టలో వేయడమూ కూడదు.

ఈ నేలలో పొదలు, చెట్లు నాటడానికి అనువైన కాలం అక్టోబరు, నవంబరు నెలలు, అప్పుడు నాటితే వేసవికి ముందే వేళ్లు దిగుతాయి. కమిటీలు జవాబు ఇవ్వడానికి తరచు నెల రోజులు తీసుకుంటాయి, సవరించిన పటం అడిగితే మరో నెల పట్టవచ్చు. దరఖాస్తు జులై చివరికో ఆగస్టు మొదటికో ఇచ్చేస్తే అనుమతి చేతికి వచ్చే నాటికి మొక్కలు నాటే కాలం కూడా వస్తుంది.